జేబులో ఉన్న సంగతే మరచిపోయాను

సంపాదకులకు నమస్కారం.

మాది మిర్యాలగూడ. ముప్ఫై ఏళ్లుగా ధాన్యం వ్యాపారం చేస్తున్నాను. నా దగ్గర లైసెన్సుతో ఒక రివాల్వర్ ఉందని మా బజారులో చాలామందికి తెలుసు. గత నెల పక్క దుకాణం అబ్బాయి వచ్చి, "బాబాయ్, మీ దగ్గరున్నలాంటి తేలికపాటిది నాకూ కావాలి, దరఖాస్తు ఎలా పెట్టాలి?" అని అడిగాడు. అతనికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. అతనిలా అడిగినవారు ఈ ఏడాదిలో మరో నలుగురున్నారు.

నేనెందుకు తీసుకున్నానో ముందు చెప్పాలి. 2015 యాసంగి వసూళ్ల రోజుల్లో ఒక రాత్రి హాలియా నుంచి స్కూటర్ మీద వస్తున్నాను. డిక్కీలో డబ్బుంది. నిడమనూరు దాటిన దగ్గర నుంచి ఒక బైకు వెంటపడింది. నేను నెమ్మదిస్తే వాళ్లూ నెమ్మదించారు. రోడ్డు పక్క హోటల్ దగ్గర ఆగితే ఎదురుగా చెట్టు కింద అరగంట నిలబడి వెళ్లిపోయారు. వాళ్లు ఎవరో, దొంగలో కాదో ఇప్పటికీ తెలియదు. ఆ అరగంట మాత్రం నన్ను కలెక్టర్ కార్యాలయం దాకా నడిపించింది. దరఖాస్తు, స్టేషన్‌లో విచారణ, పోలీసుల నివేదిక అన్నీ పూర్తయి 2016 మార్చిలో లైసెన్సు చేతికొచ్చింది.

హైదరాబాద్‌లో దుకాణదారు రెండు రివాల్వర్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి కాన్పూర్‌లో తయారైన పాత రకం, ఉక్కుది, దాదాపు 700 గ్రాములు. రెండోది అదే కాన్పూర్ నుంచి 2014లో వచ్చిన 'నిర్భీక్', టైటానియం మిశ్రలోహంతో చేసినది, 500 గ్రాములు. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత ఆడవాళ్ల చేతిసంచిలో ఇమడాలని తెచ్చినది. వచ్చిన కొత్తలో దాని ధర లక్షా 22 వేల రూపాయలు. రెండింటిలోనూ ఆరు తూటాలే, తూటా కొలత కూడా రెండింటికీ .32 రకమే. ఒక చేతిలో ఒకటి, రెండో చేతిలో ఒకటి పట్టుకుని చూశాను. తేలికదే తీసుకున్నాను. ఎవరైనా అదే తీసుకుంటారు.

మా అబ్బాయి తన ఫోనులో అమెరికా వాళ్ల చిన్న రివాల్వర్ల వీడియోలు కూడా చూపించాడు. ఐదు తూటాలవి, అల్యూమినియం చట్రంతో చేసినవి, చొక్కా జేబులో పట్టేవి. అక్కడ 1950ల నుంచే అవి ఉన్నాయి. అవి ఎక్కువగా .38 రకానివి, ఆ రకం మన దేశంలో మామూలు పౌరులకు ఇవ్వరు. కాబట్టి వాటి మాట వదిలేద్దాం.

తేలికదనం ఏమిటో నాకు తెలిసింది హైదరాబాద్‌లోని ఒక షూటింగ్ క్లబ్బులో, కొన్న రెండు నెలలకు. ఏడు మీటర్ల దూరంలో మనిషి ఛాతీ అంత కాగితం కట్టారు. మా దుకాణంలో గల్లా పెట్టె నుంచి గుమ్మం దాకా ఉన్న దూరం కన్నా అది తక్కువే. ఆరు తూటాలు కాల్చాను. కాగితానికి తగిలినవి రెండు. అందులో ఒకటి అంచున. .32 తూటా పెద్ద శక్తిగలదేమీ కాదు, అయినా నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కమిలింది. పక్కనున్న శిక్షకుడు తన ఉక్కు రివాల్వర్ నాకిచ్చి కాల్చమన్నాడు. నాలుగు తగిలాయి. అప్పుడాయన చెప్పింది నాకు ఇంకా గుర్తుంది: తూటా అదే అయినప్పుడు తుపాకీ ఎంత తేలికైతే అంత వేగంగా వెనక్కి తంతుంది, ఆ తాపు తెలిసిన చెయ్యి రెండోసారి ట్రిగ్గర్ లాగకముందే బిగుసుకుంటుంది. పైగా పొట్టి గొట్టం, చిన్న పిడి. గొట్టం కొసన కొద్దిపాటి తేడా వచ్చినా అవతల జానెడు పక్కకు పోతుంది. ట్రిగ్గరేమో గట్టిది, దాన్ని లాగేటప్పటికే గురి చెదురుతుంది. ఇవన్నీ సాధనతో సరిదిద్దుకోవచ్చు. కానీ సాధన ఎక్కడ చేయాలి? మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి ఒక రోజు పోతుంది. తొమ్మిదేళ్లు దాటినా నేను కాల్చిన తూటాలు మొత్తం యాభైకి మించవు. ఇలాంటి చెయ్యి నడిబజారులో, జనం మధ్యలో రివాల్వర్ తీస్తే ఆ నాలుగు గురితప్పిన తూటాలు ఎవరికి తగులుతాయి?

ఇక అసలు సంగతి. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

2022 దసరా సెలవులకు మా అమ్మాయి పిల్లలతో వచ్చింది. ఆ రాత్రి తొమ్మిదింటికి నేను హాలియా నుంచి వచ్చాను. రోజూ ఇంట్లో అడుగుపెట్టగానే రివాల్వర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయడం నా అలవాటు. ఆ రోజు చెమటతో చికాకుగా ఉండి, ప్యాంటు విప్పి చిలక్కొయ్యకు తగిలించి స్నానానికి వెళ్లాను. రివాల్వర్ ప్యాంటు జేబులో గుడ్డసంచిలో ఉంది. బయట తిరిగేటప్పుడు అది ఒరలో, ఒంటికి పట్టి, పూర్తిగా కప్పి ఉండాలని నియమం. తేలికగా ఉంది కదా అని ఒర మానేసి ఎన్నో నెలలైంది. స్నానం చేస్తున్నంతసేపూ అది జేబులో ఉన్నదన్న ఆలోచనే నాకు రాలేదు. ఉక్కుదయితే ప్యాంటు విప్పేటప్పుడు బరువుకు తెలిసేది. ఇది తేలికది కాబట్టి తెలియలేదు.

బయటికి వచ్చేసరికి నాలుగేళ్ల మనవడు ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. నేను జేబులో పల్లీపట్టీ తెస్తానని వాడికి తెలుసు. వాడి రెండు చేతుల్లో రివాల్వర్ ఉంది. గొట్టం వాడి పొట్ట వైపే. రెండు బొటనవేళ్లూ ట్రిగ్గర్ మీద. "తాతా, ఇది నాదా?" అన్నాడు. నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడతాడని భయం. మోకాళ్ల మీద కూర్చుని, "నీదే నాన్నా, ఒకసారి తాతకు చూపించు" అన్నాను. ఇచ్చాడు. తీసుకెళ్లి తూటాలు బయటికి తీసి లెక్కపెట్టాను. ఆరు. ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, చిన్నపిల్లలు లాగలేరని కొన్నప్పుడు నాకు చెప్పారు. రెండు బొటనవేళ్లు కలిపి నొక్కితే ఎంతసేపు ఆగుతుంది? ఆ రాత్రి మా ఇంటావిడ నాతో మాట్లాడలేదు. మా అమ్మాయి మరుసటి రోజే పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది. తప్పు నాది, వాళ్లది కాదు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాను. 2018లో, 2019లో, 2023లో, 2024లో. ఆ వారాలన్నీ అదే హాలియా రోడ్డు మీద తిరిగాను. తేడా ఒక్కటే. పొద్దుగూకక ముందే బయలుదేరేవాణ్ణి, గుమాస్తాను వెంట తీసుకెళ్లేవాణ్ణి, చాలావరకు డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయించుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు భయం తగ్గింది. ఇప్పుడు ఏడాది పొడవునా అదే పద్ధతి.

పెళ్లి ఊరేగింపుల్లో నడుముకు కనిపించేలా పెట్టుకుని తిరిగేవాళ్లనూ, గాల్లోకి కాల్చేవాళ్లనూ చూశాను. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత అలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి ఫంక్షన్ హాళ్ల గుమ్మాల దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలి.

నేను రివాల్వర్లు వద్దని చెప్పడం లేదు. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లున్నారు, చట్టం వాళ్లకు దారి ఇచ్చింది. నేను అడిగేది జిల్లా కలెక్టర్ గారినీ, ఎస్పీ గారినీ. 2016 ఆయుధ నియమాల్లో భద్రతా శిక్షణ మాట ఉంది. అది కాగితం మీద సంతకంతో ఆగిపోకూడదు. మూడు నెలలకు ఒక ఆదివారం మా జిల్లాలోనే, పోలీసుల ఫైరింగ్ రేంజిలో, లైసెన్సుదారులకు సాధన చేసే అవకాశం ఇవ్వండి. తూటాల ఖర్చు, శిక్షకుడి రుసుము మేమే పెట్టుకుంటాం. ఇంట్లో తాళం వేసే పెట్టె ఉందో లేదో రెన్యువల్‌కు ముందు కానిస్టేబుల్‌ను పంపి చూపించండి. గురి సరిగా లేనివాడికి, పెట్టె లేనివాడికి అది సరిదిద్దుకునేదాకా ఆపండి.

నా లైసెన్సు గడువు వచ్చే మార్చిలో తీరుతుంది. ఆ పరీక్ష మొదట నాకే పెట్టండి.

ఇట్లు,
ఒక ధాన్యం వ్యాపారి,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా