నల్లమలలో పాత రైలు దారిని కాపాడండి: పర్యాటక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి కందుల దుర్గేష్ గారికి,

నమస్కారం. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు రైలెక్కితే దిగువమెట్ట దాటాక నల్లమల మొదలవుతుంది. ఆ అడవిలో ఇప్పుడు రైళ్లు తిరిగే దారి కాకుండా ఇంకో దారి కూడా ఉంది. నూరేళ్లకు పైగా మీటర్ గేజి బండ్లు నడిచిన పాత లైను అది. పట్టాలు తీసేశారు. కట్టలు, కొండను తొలిచిన కోతలు, తూములు, సొరంగం, వంతెనల ఆనవాళ్లు మాత్రం మిగిలాయి. అవైనా పోకముందే వాటిని కాపాడమని అడగడానికే ఈ లేఖ.

నేను గిద్దలూరు మనిషిని. మా తాత ఆ లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. మా ప్రాంతంలో ఏ పాత వీధికి వెళ్లినా రైల్వేలో చేసిన ఇల్లు ఒకటైనా కనపడుతుంది. కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, కురిచేడు ఊళ్లన్నిటిదీ ఇదే కథ. వాన లేని నేల ఇది. సేద్యం ఎండిపోయిన ఏడు కూడా నెల తిరిగేసరికి జీతం తెచ్చిచ్చింది ఈ రైలే. అందుకే ఆ దారి మీద మాకు అంత ప్రేమ.

అసలు ఈ లైను వేయడానికి కారణమే కరువు. 1876–78 నాటి పెద్ద కరువులో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో లెక్కలేనంతమంది చనిపోయారు. ఒకచోట ధాన్యం ఉన్నా ఆకలితో ఉన్నవాళ్లకు చేర్చే దారి లేదు. ఎద్దుల బండి మీద తెస్తే దారిలో ఎద్దులు తినేదే సగం. కరువు జిల్లాలకు రైలు మార్గాలు వేయాలని 1880 కరువు కమిషన్ చెప్పింది. ఆ దశాబ్దంలోనే సదరన్ మరాఠా రైల్వే వాళ్లు గుంతకల్లు నుంచి కృష్ణా తీరం వైపు మీటర్ గేజి లైను వేసుకుంటూ వచ్చారు. అటు సీమ మెట్టభూములు, ఇటు కృష్ణా డెల్టా వరిపొలాలు. రెంటికీ మధ్య అడ్డంగా నల్లమల.

ఆ కొండను దాటించడమే పెద్ద పని. మీటర్ గేజి అంటే పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. బండి చిన్నది, బరువు తక్కువ, కాబట్టి మలుపు కాస్త బిగువుగా ఉన్నా తిరుగుతుంది. అందుకే ఆనాటి ఇంజనీర్లు లైనును కొండ ఒడ్డునే తిప్పుకుంటూ పోయారు. తప్పనిసరైన చోట కొండను కోశారు, అదీ కుదరని చోట సొరంగం తొలిచారు. దొరబావి దగ్గర లోయ దాటడానికి ఎత్తైన వంతెన కట్టారు. ఆ వంతెన మీదికి బండి వచ్చేసరికి పెట్టెలో మాటలు ఆగిపోయేవని, పిల్లల్ని ఒళ్లోకి లాక్కునేవాళ్లని మా జేజి చెప్పేది.

1992లో రైల్వే దేశమంతా ఒకే గేజి చేయాలని పూనుకుంది. ఆ దశాబ్దంలోనే మా లైనూ బ్రాడ్‌గేజి అయింది. పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు, బరువైన బండ్లు, వేగం ఎక్కువ. వీటికి పాత మలుపులు పనికిరావు. కాబట్టి ఘాట్‌లో కొత్త దారి తీసి పాతదాన్ని వదిలేశారు. దొరబావి వంతెనను విప్పేశారు. పెద్ద లైను రావడం మాకు మంచిదే. మీటర్ గేజి మళ్లీ కావాలని ఎవరూ అడగడం లేదు. వదిలేసిన దాన్ని ఏం చేయాలో ఆనాడు ఎవరూ ఆలోచించలేదు, ఈనాటికీ ఆలోచించడం లేదు. నా బాధ అదీ.

అటవీ శాఖ అనుమతి తీసుకుని, తోడుగా ఒక చెంచు పెద్దాయనతో నేను ఆ పాత కట్ట మీద కొంతదూరం నడిచాను. నడిస్తేగానీ ఆ పనితనం తెలియదు. కట్ట ఎక్కడా ఒక్కసారిగా పైకి లేవదు. ఎక్కుతున్నామని కాళ్లకు తెలియకుండానే ఎక్కిస్తుంది. కంకర చాలావరకు ఆకుల కింద కప్పబడిపోయింది. అక్కడక్కడా తుప్పుపట్టిన బోల్టు ఒకటి దొరుకుతుంది. పెద్దాయన చూపు మాత్రం కట్ట పక్కన చెదల పుట్టల మీదే. ఎలుగుబంటి గోళ్లతో తవ్విన పుట్టను చూపించి, తడి ఆరలేదు, గట్టిగా మాట్లాడుతూ నడవండి అన్నాడు.

కట్ట కింద ఒక తూము దగ్గర చాలాసేపు ఆగాను. మనిషి నడుం వంచి దూరగలిగేంత ఎత్తు. చెక్కిన రాళ్లను సున్నంతో కట్టి పైన కమాను తిప్పారు. కమాను నడిమి రాయి ఇప్పటికీ వెంట్రుకవాసి కదల్లేదు. దాని పక్క సందులోంచి మాత్రం రావి మొక్క ఒకటి లేచింది. పైకి చూస్తే జానెడు మొక్క. తూములోకి వంగి చూస్తే వేరు బొటనవేలంత లావున రాళ్ల మధ్యకు దిగి, సున్నాన్ని పొడిపొడిగా రాలుస్తోంది. తూము నోటిలో ఆకులు, ఒండ్రు పేరుకుని నీళ్లు అటు పోవడం లేదు. అలా నిలిచిన నీళ్లే ఇంకో చోట కట్టను కోసేశాయి. ఇద్దరు కూలీలు ఒక్క పూటలో ఆ ఒండ్రు ఎత్తిపోయగలరు. రావి మొక్కను మాత్రం పీకితే రాళ్లు కదులుతాయి. దాన్ని కోసి, వేరును అక్కడే చంపి, సందును మళ్లీ సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక ఉన్న రాయీ పొట్టుగా రాలిపోతుంది. పురావస్తు శాఖ ఇంజనీర్లకు ఇది కొత్త కాదు. వాళ్లను అక్కడికి పంపేవాళ్లు లేరు, అంతే.

ఎవరు పంపాలి అన్న దగ్గరే మొత్తం ఆగిపోయింది. నేను ఒక కార్యాలయంలో అడిగితే ఆ లైను వదిలేశాం, అది అడవిలో ఉంది, వాళ్లనడగండి అన్నారు. ఇంకో కార్యాలయంలో అడిగితే కట్టడం మాది కాదు, మేం చేయి పెట్టకూడదు అన్నారు. పైగా జిల్లా సరిహద్దు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలోవే కాబట్టి ఘాట్ మొత్తం ఒకే కలెక్టర్ కింద ఉండేది. ఇప్పుడు దిగువమెట్ట ఇటు, దొరబావి అటు నంద్యాల వైపు. అందరి మధ్యా నలిగి ఆ దారి ఎవరిదీ కాకుండా పోయింది. ఈ ఒక్క ముడి విప్పగలిగింది రాష్ట్ర ప్రభుత్వమే. అందుకే మీకు రాస్తున్నాను.

మొదట ఏం మిగిలిందో లెక్క రాయించండి. రైల్వే, అటవీ, పురావస్తు శాఖల నుంచి మనిషిని చొప్పున పంపి, ప్రతి తూమునూ, కోతనూ, గోడనూ ఫొటో తీసి మ్యాపు మీద గుర్తు పెట్టిస్తే చాలు. దీనికి కోట్లు అక్కర్లేదు. ఆ జాబితా చేతికొచ్చాక, నూరేళ్లు దాటిన కట్టడాలను రక్షించే 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం మనకు ఎలాగూ ఉంది. జాబితాలో ముఖ్యమైన వాటికి దాన్ని వర్తింపజేయండి. అంతవరకు అక్కడి నుంచి ఒక్క రాయి, ఒక్క ఇనుప ముక్క బయటికి పోకుండా ఉత్తర్వు ఇప్పించండి.

ఇంకో సంగతి చాలా అర్జెంటు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ వస్తోంది, గుంటూరు డివిజన్ దాని కిందికి పోతుంది. సికింద్రాబాద్ నుంచి ఫైళ్లు కదిలేటప్పుడు పాత మీటర్ గేజి డ్రాయింగులు, వంతెనల రిజిస్టర్లు పనికిరాని కాగితాల కింద పోయే ప్రమాదం ఉంది. ఆఫీసు మారిన ప్రతిసారీ ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఇప్పుడే రైల్వే శాఖకు ఒక లేఖ రాసి వాటిని విడిగా తీయించి స్కాన్ చేయించండి. అలాగే మీటర్ గేజి రోజుల్లో ఈ ఘాట్‌లో పనిచేసిన గ్యాంగ్‌మన్‌లు, కీమన్‌లు, డ్రైవర్లు మా ఊళ్లలో ఇంకా కొందరున్నారు. అందరూ పెద్దవాళ్లైపోయారు. వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని ఒక్కడే ఆ కట్ట మీద నడిచి పట్టాలు చూసుకోవడం ఎలా ఉండేదో వాళ్ల నోటే వినాలి. సాంస్కృతిక శాఖ నుంచి ఒక రికార్డింగ్ బృందాన్ని పంపండి. దక్షిణాదిలో రైలు కట్టల మట్టిపని, రాతిపని చాలావరకు వడ్డెర కుటుంబాల చేతుల మీదే జరిగింది. ఆ కుటుంబాల పెద్దల దగ్గరకూ ఆ బృందాన్ని పంపండి.

ఇక పర్యాటకం. ఇక్కడ రిసార్టులు కట్టమని నేను అడగను, కట్టనివ్వొద్దనే అడుగుతున్నాను. ఇది గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, పులులు తిరిగే అడవి. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణం పోయింది. రీల్స్ కోసం కుర్రాళ్లు పాత సొరంగాల్లోకి దూరుతున్నారని వింటే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. అయినా భయపడి పూర్తిగా మూసేస్తే దొంగచాటుగా వెళ్లేవాళ్లే మిగులుతారు. పచ్చర్లలో అటవీ శాఖ జంగిల్ క్యాంపు నడుపుతోంది, దోర్నాల వైపు తుమ్మలబైలులో సఫారీ ఉంది. అదే పద్ధతిలో, ప్రమాదం లేదని అటవీ శాఖ తేల్చిన చిన్న ముక్క మీద మాత్రమే, పగటిపూట, చెంచు గైడ్లతో, కొద్దిమందికి నడక పెట్టండి. వానాకాలంలో ఆపేయండి. గైడ్ల ఫీజు నేరుగా చెంచు గూడేలకు చేరేలా చూడండి. ఆ అడవిలో ఎక్కడ అడుగు వేయాలో, ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలిసినంతగా మన ఏ శాఖకూ తెలియదు.

పాడుబడిన లైనును ఎవరు చూస్తారని మీ అధికారులు అనొచ్చు. ధనుష్కోడి రైలు 1964 తుపానులో కొట్టుకుపోయింది. ఆ స్టేషన్ మొండిగోడలు చూడటానికి రామేశ్వరం వెళ్లిన మనవాళ్లలో ఆగనివాళ్లెవరు? మున్నార్‌లో కుండల వ్యాలీ రైలు 1924 వరదల్లో పోయింది, దాని ఆనవాళ్లను గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. డార్జిలింగ్, నీలగిరి, కల్కా–సిమ్లా కొండ రైళ్లకు యునెస్కో గుర్తింపు ఉంది. మన అరకు రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించాక దాని పేరు ఎంత పెరిగిందో మీ శాఖకే బాగా తెలుసు. మా దగ్గరే కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ గుర్తింపు వచ్చింది. చెరువు చూడటానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నానికల్లా వెనక్కి వెళ్లిపోతున్నారు. కంభం చెరువు, మార్కాపురం చెన్నకేశవుడి గుడి, ఈ పాత రైలు దారి కలిపి చూపిస్తే రెండు రోజులు ఉండాల్సిందే. పశ్చిమ ప్రకాశం అనగానే కరువు, ఫ్లోరైడు, వలసలు తప్ప ఇంకేమీ గుర్తురాని పరిస్థితిలో మాకు అదెంత పెద్ద సంగతో మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అటవీ శాఖ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారి దగ్గర ఉంది, మీరిద్దరూ ఒకే మంత్రివర్గం. ఒకసారి కలిసి కూర్చుని, ఇద్దరు కలెక్టర్లనూ, గుంటూరు డివిజన్ అధికారులనూ పిలిపించండి. ఈ వేసవిలో అడవి పలచబడినప్పుడే సర్వే జరగాలి, వానలు పడ్డాక కట్ట మీద అడుగు పెట్టడం కుదరదు. మీరు ఎప్పుడు పంపినా దారి చూపడానికి మా ఊరి పాత రైల్వే మనుషులు, నేను సిద్ధంగా ఉంటాం. సర్వేకు ఏ అధికారిని నియమించారో, ఎప్పటిలోగా పూర్తి చేస్తారో పత్రికాముఖంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
గిద్దలూరు వాసి, రైల్వే గ్యాంగ్‌మన్ మనవడు