ఇంజిన్ ఒక్కటే మారిస్తే చాలదు

సంపాదకులకు,

రోజూ ఆఫీసుకు తిప్పే నా చిన్న కారులో 1.2 లీటర్ల ఇంజిన్ తీయించి 1.6 లీటర్లది పెట్టించాను. పికప్ ఎంత పెరిగిందనే అందరూ అడుగుతారు. నన్ను ఏడిపించింది మాత్రం వేడి. ట్రాఫిక్‌లో ఆగితే చాలు, పాత రేడియేటర్ తట్టుకోలేక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పాకేది.

ట్యూనింగూ అంతే. మామూలుగా నడిపేటప్పుడు బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 12.5 దగ్గరకు తేవాలి. లేదంటే నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలి టకటక కొట్టడం, మొదలవుతుంది. అలా పాడైన పిస్టన్ అంచున గోరు దిగేంత గుంట నేను తడిమి చూశాను.

వేగం రెట్టింపైతే బ్రేకులు ఆపాల్సిన శక్తి 4 రెట్లవుతుంది. ఇంజిన్ కొనేముందే వాటికీ డబ్బు తీసిపెట్టండి. నేను మూడో నెలలో గానీ పెద్ద డిస్కులు వేయించలేదు. అన్నాళ్లూ పిల్లల్ని అందులోనే తిప్పాను.

– ఒక పాఠకుడు