సభ పిలుస్తారు సరే, పగ్గం ఎవరి చేతిలో ఉంటుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో ఒకాయన రాసిన లెటర్ చదివినా. అమెరికాలో 34 రాష్ట్రాలు అడిగితే చాలంట, రాజ్యాంగం మార్చడానికి స్పెషల్‌గా సభ పెట్టాల్సిందేనంట, మనం కూడా అట్లనే కొత్త రాజ్యాంగ సభను పిలిచి అంతా మళ్లీ రాసుకోవాలంట. మా కర్నూలు సి క్యాంపు రైతు బజారు దగ్గర టీ కొట్టుకాడ మేం నలుగురం దీని మీదనే గంటసేపు కొట్లాడుకున్నాం, తెప్పించుకున్న ఉగ్గాని బజ్జీ చల్లారిపోయింది కూడా. ఆయన రాసిన సగం కరెక్టే, మిగతా సగం రాయలేదు.

అమెరికా రాజ్యాంగం ఐదో ఆర్టికల్లో ఆ దారి ఉన్నమాట నిజమే. 50లో 34 రాష్ట్రాల శాసనసభలు అడిగితే అక్కడి పార్లమెంటు (దాన్నే కాంగ్రెస్ అంటారు, మన కాంగ్రెస్ కాదు) సభ పిలవాల, ఆ సభ రాసింది 38 రాష్ట్రాలు ఒప్పుకుంటే చెల్లుతుంది. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారన్నా పిలిచినారా? లేదు. వచ్చిన 27 సవరణలూ కాంగ్రెస్ పంపినవే. కేంద్రం అప్పులకు కళ్లెం వేయాలని సభ అడిగిన రాష్ట్రాలు చానానే ఉన్నాయి, అడిగి మళ్లీ వద్దులే అని వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి, 2017లో మేరీల్యాండ్, నెవాడా అట్లనే చేసినాయి.

సభ పిలిస్తే అది చేయి దాటిపోతుందని వాళ్ల భయం, అది 1787 నాటిది. ఫిలడెల్ఫియాలో సభ పెట్టింది, రాష్ట్రాలు కలిసి ఉండడానికి అంతకుముందు రాసుకున్న పాత ఒప్పందానికి నాలుగు రిపేర్లు చేయడానికి. పోయినోళ్లు తలుపులేసుకుని, మాట బయటికి పొక్కకుండా నాలుగు నెలలు కూర్చుని, పాతదాన్ని పక్కన పడేసి మొత్తం కొత్తది రాసుకొచ్చినారు. పాత ఒప్పందం ముట్టుకోవాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాల, వీళ్లేమో 9 చాలు అని రాసేసినారు! రోడ్ ఐలాండ్ అయితే అసలు మనిషినే పంపలేదు. మిద్దె కారుతుందని మేస్త్రిని పిలిస్తే సాయంత్రానికి గోడలు కూడా లేకుండా చేసినట్టు. కొత్తిల్లు బాగనే వచ్చింది, కాదనను, ప్రతిసారీ అట్ల వస్తుందా? ఇప్పుడు సభ పెడితే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటా, జనాభా లెక్కనా, ఆ ఐదో ఆర్టికల్లో ఒక్క ముక్క లేదు.

మన రాజ్యాంగంలో సవరణల సంగతి చెప్పే 368వ ఆర్టికల్లో అట్లాంటి సభ ఊసే లేదు. పార్లమెంటులోనే సవరణ, కొన్నిటికి సగం రాష్ట్రాల ఒప్పుకోలు, దీంతోనే వందకు పైగా సవరణలు చేసుకున్నాం. ఎమర్జెన్సీలో 42వ సవరణతో చెడిందాన్ని 44వ సవరణతో చానావరకు సర్దుకున్నాం, దానికి రాష్ట్రపతిగా సంతకం పెట్టింది మన అనంతపురం సంజీవరెడ్డే, మొదటి రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి.

సీమోణ్ని కాబట్టి నాకు ఇంకో గుబులుంది. 1937లో సీమకు న్యాయం చేస్తామని కోస్తా, సీమ పెద్దోళ్లు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు, 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లు గడిచి 1956 నవంబరు వచ్చేసరికి అది హైదరాబాద్‌కు పోయింది, మాకు రాజధాని నాటి ఏ, బి, సి క్యాంపులనే పేర్లు మిగిలినాయి. అదే 1973లో 32వ సవరణతో వచ్చిన 371డి ఆర్టికల్ చూడండి, లోకల్, జోన్ అని దాని మీదనే కదా మా పిల్లలకు ఉద్యోగాలు. మా పాప ఆరు, ఏడు వేరే జిల్లాలో చదివింది, నేను అప్పుడు అక్కడ పనిచేస్తాంటి. డీఎస్సీకి నాలుగు నుంచి పది దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాల అంటే, ఆ నాలుగు, ఐదు చదివిన స్కూలు మూతపడి ఉండె, అడ్మిషన్ రిజిస్టరు కోసం మూడు రోజులు తిరిగినా, చివరికి చెదలు పట్టిన రిజిస్టర్లో పాప పేరు, నా సంతకం కనపడినాయి. ఏడింట్లో ఐదేళ్లు కర్నూలే కాబట్టి లోకల్ అయింది. ఇప్పుడు కొత్త సభ అంటున్నారే, 140 కోట్ల దేశంలో అందులో మన సీమోళ్లు ఎంతమంది కూర్చుంటారు, 371డి తీసేద్దాం అని ఎవడన్నా లేస్తే అడ్డం పడేదెవరు?

అమెరికా నుంచి ఒక్కటి తెచ్చుకోవాలంటే నేను వేరేది తెచ్చుకుంటా. అక్కడ రాష్ట్రాలు తమంతట తాము అడగగలవు, మనకాడ సవరణ బిల్లు పార్లమెంటులోనే పుట్టాల, మన అసెంబ్లీ ఎంత గట్టిగా తీర్మానం చేసినా అది ఢిల్లీకి పోయి ఫైల్లో కూర్చుంటుంది. ఇన్ని అసెంబ్లీలు ఒకే సవరణ అడిగితే పార్లమెంటు దాన్ని చర్చకు పెట్టి ఓటేయాల్సిందే అని 368లో ఒక్క లైను చేరిస్తే చాలు కదా, దానికి సభ ఎందుకప్పా?

ఆయన దీనికి జవాబు రాస్తే తప్పకుండా వేయండి. ఆయనది ఏ జిల్లానో కూడా రాయమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సి క్యాంపు, కర్నూలు