మన సంఘం 2025 వార్షిక నివేదిక: భూప్రకంపనల కొలతకు డిఫరెన్షియల్ ప్రీఆంప్లిఫైయర్

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

2024 డిసెంబరు 21న మన ప్రకాశం జిల్లాలోని ముండ్లమూరు, తాళ్లూరు మండలాలలో భూమి స్వల్పంగా కంపించి, జనం ఇళ్లలోంచి వీధుల్లోకి వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతాన్ని కుదిపిన 5.4 తీవ్రత గల భూకంపాన్ని గుర్తుంచుకున్న పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడనే లేదు. ఈ నేపథ్యంలో, నేల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే జియోఫోన్ నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని పెంచి, నమ్మకంగా కొలవగల ప్రీఆంప్లిఫైయర్‌ను (తొలి దశ ఆంప్లిఫైయర్‌ను) సొంతంగా నిర్మించడమే ఈ ఏటి ప్రధాన కార్యక్రమంగా కార్యవర్గం నిర్ణయించింది. అధికారిక నమోదు జరిపే సంస్థలకు ఇది పోటీ కాదు. మన నేల కదలికను మన పరికరంతో చూసి అర్థం చేసుకోవాలన్నదే సంకల్పం.

మనం తీసుకున్న జియోఫోన్ సహజ పౌనఃపున్యం 4.5 హెర్ట్జ్, కాయిల్ నిరోధం 375 ఓంలు. నేల సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే సుమారు 28.8 వోల్టులు ఇస్తుంది. ఏ నిరోధమైనా గది ఉష్ణోగ్రత వద్ద దానంతటదే కొంత నాయిస్ (సంకేతంలో కలిసిపోయే విద్యుత్ అలజడి) పుట్టిస్తుందని 1928లో జాన్సన్ ప్రయోగంతోను, నైక్విస్ట్ సిద్ధాంతంతోను చూపారు. ఆ లెక్కన 375 ఓంల కాయిల్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు, అంటే కొలిచే పౌనఃపున్యాల వెడల్పు వర్గమూలానికి, 2.5 నానోవోల్టులు. ఎంత ఖరీదైన చిప్పు కొన్నా ఈ హద్దు కిందికి పోలేము కనుక, చిప్పు ఎంపికకు ముందే ఈ లెక్కను బోర్డు మీద వేసి సభ్యులకు వివరించాము.

ముందు దశలో రెండు ఎల్‌టీ1028 ఆప్‌ఆంప్‌లు (సంకేతాన్ని పెంచే చిప్పులు) వాడాము. ఒక్కొక్కదాని నాయిస్ 0.85 నానోవోల్టులు, రెండూ కలిస్తే 1.2. గెయిన్‌ను, అంటే సంకేతం ఎన్ని రెట్లు పెరగాలో, నిర్ణయించే రెసిస్టర్‌ను 20 ఓంలుగా, అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లను చెరి 1 కిలో ఓంగా ఉంచినందున గెయిన్ 101 వచ్చింది. ఆ 20 ఓంల నాయిస్ 0.57 నానోవోల్టులే. వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే కాయిల్‌తో సహా అంతా 2.8 నానోవోల్టులు. వంద హెర్ట్జ్‌ల వెడల్పులో (వంద వర్గమూలం పది కనుక) ఇది దాదాపు 28 నానోవోల్టులు, అంటే నేల వేగంలో సెకనుకు ఒక నానోమీటరు. మన ఊళ్లలో అర్ధరాత్రి కూడా నేల ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కదులుతూ ఉంటుంది. అందువల్ల ఇంతకన్నా మంచి చిప్పు కోసం ఇంకా డబ్బు పెట్టాలన్న సూచనను కార్యవర్గం సమ్మతించలేదు.

అసలు శ్రమ కరెంటు సరఫరా నుంచి చొరబడే 50 హెర్ట్జ్ హమ్‌ను వదిలించడంలో ఉంది. బోరు మోటార్లు, రొయ్యల చెరువుల ఏరేటర్లు, వీధి ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న చోట పొడవైన తీగ లాగితే, సంకేతం కన్నా వేల రెట్లు హమ్ దానిలో చేరుతుంది. అయితే అది రెండు తీగలలోనూ సమానంగా చేరుతుంది గనుక, రెండింటి తేడాను మాత్రమే పెంచే డిఫరెన్షియల్ అమరిక దాన్ని కొట్టివేయగలదు, రెండు వైపులా నిజంగా సమానంగా ఉన్నప్పుడు మాత్రమే. చివరి దశలోని నాలుగు రెసిస్టర్లు ఒక శాతం తేడాతో ఉంటే, ఆ దశ ఒక్కటే చూసుకున్నప్పుడు కామన్ మోడ్ తిరస్కరణ (రెండు తీగలలోనూ సమానంగా వచ్చినదాన్ని కొట్టివేసే శక్తి) కనిష్ఠంగా 34 డెసిబెల్స్, 0.1 శాతానికి జత కుదిరితే 54. ముందు దశ గెయిన్ 101 వల్ల మరో 40 డెసిబెల్స్ కలిసి 94కు చేరుతుంది. ఒక శాతం మెటల్ ఫిల్మ్ 10 కిలో ఓంల రెసిస్టర్ల పొట్లం తెచ్చి, చేటలో బియ్యం ఏరినట్టు, మంచి మల్టీమీటర్‌తో ఒక్కొక్కటే కొలిచి, జతలుగా విడదీసి దారం కట్టి పెట్టిన సభ్యులకు సంఘం కృతజ్ఞతలు తెలుపుతోంది. వేళ్ల వేడికే రీడింగు మారుతుందని గమనించి వారు కొలిచేటప్పుడు పట్టుకారు వాడారు. పరికరం నాణ్యతకు ఈ పని చేసిన మేలు ఏ ఖరీదైన భాగమూ చేయలేదని నా అభిప్రాయం.

రెండు ఇన్‌పుట్‌ల నుంచి గ్రౌండ్‌కు సమానమైన రెసిస్టర్లు వేశాము. అవి ఆప్‌ఆంప్‌ల ఇన్‌పుట్‌లకు అవసరమైన అతి చిన్న బయాస్ కరెంటుకు దారి ఇవ్వడంతో పాటు, జియోఫోన్ ఊగిసలాటను త్వరగా అణిచే డ్యాంపింగ్ కూడా ఇస్తాయి. తీగలను మెలివేసి, షీల్డును ఆంప్లిఫైయర్ వైపున మాత్రమే గ్రౌండ్ చేశాము. పరికరం రెండు 12 వోల్టుల బ్యాటరీలతో నడుస్తుంది. రికార్డింగ్ సమయంలో ఛార్జర్‌ను పూర్తిగా విడదీయాలి, ఎందుకంటే ఇన్వర్టర్ల, ఛార్జర్ల స్విచ్చింగ్ నాయిస్ మన సంకేతంపై సులభంగా ఎక్కి కూర్చుంటుంది.

పరీక్షలో ముందు ఇన్‌పుట్ కొసలను కలిపి, తరువాత జియోఫోన్ కాయిల్‌కు బదులు 375 ఓంల రెసిస్టర్ పెట్టి స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం వద్ద ఎంత నాయిస్ ఉందో) చూశాము. వంద హెర్ట్జ్‌కు పైన లెక్కకు దగ్గరగానే వచ్చింది. పది హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ నాయిస్ పెరిగింది. అక్కడ ఆప్‌ఆంప్ ఇన్‌పుట్ కరెంటు నాయిస్ కాయిల్ నిరోధం గుండా పోయి అదనపు వోల్టేజీ పుట్టిస్తుంది. తక్కువ ధరకు తెప్పించిన చిప్పుల్లో కొన్నింటి నాయిస్ ఈ పరీక్షలోనే చాలా ఎక్కువగా తేలి, అవి అసలైనవి కావన్న అనుమానం బలపడింది. వాటిని పక్కన పెట్టాము. ఇకపై ప్రతి చిప్పునూ సోల్డర్ చేసే ముందు సాకెట్‌లో పెట్టి పరీక్షించాలని తీర్మానించాము.

చీమకుర్తి గ్రానైట్ పలక మీద జియోఫోన్ పెట్టి చూసినప్పుడు, జాతీయ రహదారి 16 మీది లారీల మోత, క్వారీ పేలుళ్ల చిన్న తరంగాలు స్పష్టంగా విడివిడిగా కనిపించాయి. క్వారీ పేలుళ్లను సహజ ప్రకంపనల నుంచి వేరు చేయడం వచ్చే ఏడాది అధ్యయనాంశం.

సంఘం జమాఖర్చులను కోశాధికారి విడిగా సభ ముందుంచుతారు. రెండో పరికరాన్ని దర్శి వైపు అమర్చాలన్నది కార్యవర్గ ప్రతిపాదన. బోరు మోటారుకు, రోడ్డుకు దూరంగా, కింద రాతి నేల ఉన్న గది ఇవ్వగల సభ్యులు సర్వసభ్య సమావేశం నాటికి కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.