ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసేవారికీ 45 రోజుల గడువు చట్టం ఉంది

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఉపాధి గురించి వార్త వచ్చినప్పుడల్లా ఏ పరిశ్రమ వస్తోంది, ఎందరికి కొలువులు దొరుకుతాయి అన్న లెక్కలే పత్రికల్లో కనిపిస్తున్నాయి. ఆ లెక్కల్లో ఎక్కడా చేరని వర్గం ఒకటి నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో ఉంది. చెన్నైలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో కాల్ సెంటర్ ఉద్యోగం చేసి, ఆ ఒత్తిడి భరించలేక రాజీనామా ఇచ్చి సొంత ఊరికి వచ్చి, బొమ్మలు వేయడం, పుస్తకాల అట్టలు రూపొందించడం, వీడియోలు ఎడిట్ చేయడం, ప్రకటనలకు గొంతు ఇవ్వడం వంటి పనులతో స్వతంత్రంగా బతుకుతున్నవారు వీరు. నేనూ వీరిలో ఒకతెను. ప్రభుత్వం మాకు కొత్త పథకం ఏదో ప్రకటించాలని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. మేము చేసిన పనికి ఎన్ని రోజుల్లో డబ్బు చెల్లించాలో నిర్ణయించిన చట్టం 2006 నుంచే అమలులో ఉన్నా, మన జిల్లాలో మా వంటివారిలో చాలామందికి గానీ, మాతో పని చేయించుకునేవారికి గానీ ఆ సంగతి తెలియదు. దాన్ని అందరి దృష్టికి తీసుకురావాలన్నదే నా కోరిక.

ముందుగా, ఆ ఉద్యోగాలు ఎందుకు వదిలి వస్తున్నారో చెప్పాలి. నెల జీతాన్ని కాలదన్నుకున్నారనీ, ఓపిక లేని తరం అనీ మమ్మల్ని తేలిగ్గా తీసిపారేసేవారు చాలామంది ఉన్నారు. నేను చెన్నైలో ఒక బ్యాంకు తరఫున తెలుగు ఖాతాదారుల ఫోన్లు అందుకునేదాన్ని. ఒక కాల్ ముగిసీ ముగియకముందే చెవిలో బీప్ మోగి ఇంకో కాల్ దిగేది. ఎన్ని కాల్స్ వరుసలో ఉన్నాయో తెరమీద ఎర్ర అంకెల్లో కనిపిస్తూనే ఉండేది. ఒక్కో కాల్ సగటున ఎంతసేపట్లో ముగించాలో కొలత ఉండేది, మంచినీళ్లకు లేచినా సీటులో లేని సమయం నిమిషాలతో సహా నమోదయ్యేది. వీటన్నిటికంటే కష్టమైన సంగతి వేరే ఉంది. ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో సొమ్ము తగ్గిపోయిన కూలి మనిషి అవతలి నుంచి ఏడుస్తుంటే, ఆ డబ్బు తిరిగి వేసే అధికారం ఫోన్ ఎత్తిన మనిషికి ఉండదు. కాగితంలో రాసిన ఓదార్పు వాక్యం చదివి, ఫిర్యాదు నమోదు చేసి, తిట్లు పడి, అదే స్వరంతో తర్వాతి కాల్‌కు నమస్కారం చెప్పాలి. స్వరంలో విసుగు వినిపిస్తే ఆ నెల మార్కులు పోతాయి. ఇష్టం లేని భావాన్ని గొంతులో పలికిస్తూ రోజంతా గడపడం శరీర కష్టంకంటే తక్కువదేమీ కాదని, చేసినవారిగా మాకు తెలుసు.

ఇది కేవలం మనసు బలహీనత అనుకునేవారికి రెండు విషయాలు గుర్తు చేస్తాను. పనిచోట అదుపు చేయలేని ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగడం వల్ల వచ్చే నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలో వ్యాధిగా కాకపోయినా, వృత్తి సంబంధమైన పరిణామంగా చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. రాత్రి షిఫ్టుల పనిని అదే సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలదన్న జాబితాలో 2007లో పెట్టి, 2019లో మరోసారి సమీక్షించి అదే నిర్ణయాన్ని నిలబెట్టింది. ఇప్పటికీ ఆ ఉద్యోగాల్లో ఉండి నిద్ర పట్టక, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్న మన పిల్లలు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు, అందుకు డబ్బు కట్టనక్కరలేదు. ఈ నంబరును మీ పత్రిక తరచుగా ప్రచురిస్తే ఎంతో మేలు జరుగుతుంది.

ఉద్యోగం వదిలితే పోయేవి ఏమిటో మాకు తెలియకపోలేదు. ఇరవై ఒక్క వేల లోపు జీతగాళ్లకు ఉండే ఈఎస్ఐ వైద్యం పోతుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవారికి అది చిన్న నష్టం కాదు. పీఎఫ్ జమ ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు రాజీనామా ఆలోచనలో ఉన్నవారికి నేను చెప్పేది ఒక్కటే: వారపు సెలవుల్లో చిన్న పనులు ఒప్పుకుని, క్రమంగా పని ఇచ్చేవారు ఇద్దరు ముగ్గురు కుదిరాక, ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని, కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా తీసుకున్నాకే నోటీసు ఇవ్వండి. వచ్చేటప్పుడు రిలీవింగ్ లెటర్, పీఎఫ్ నంబరు వివరాలు తప్పకుండా తీసుకోండి.

ఇక్కడ పని లేదన్న మాట మాత్రం నిజం కాదు. నెల్లూరు చుట్టుపక్కల బియ్యం మిల్లులు ఉన్నాయి, ప్రతి మిల్లుకూ నాలుగైదు బ్రాండ్లు, ప్రతి బ్రాండుకూ ఒక సంచి ఉంటుంది. రొయ్యల మేత వ్యాపారులకు, ప్రైవేటు పాఠశాలలకు, కార్పొరేటు కళాశాలలకు ఏడాది పొడవునా కరపత్రాలు, పుస్తకాలు కావాలి. ఉదయగిరి చెక్క చెంచాలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే మంచి పెట్టె, దాని మీద మంచి లేబుల్ ఉండాలి. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులకు కేటలాగులు తయారుచేసేవారు ఒంగోలులోనే ఉన్నారు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ముద్రించిన సంచుల్లో అమ్మే బియ్యంపై ఐదు శాతం జీఎస్టీ పడడంతో, చాలా మిల్లులు 26 కిలోల సంచులకు మారాయి. సంచి మీద అంకె మారితే డిజైన్ మొత్తం సరిచూసుకోవాలి, అలా మా వంటివారికి ఒక్కసారిగా పని వచ్చిపడింది.

ఆ సంచి పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మా కష్టం ఎక్కడుందో దానిలోనే తెలుస్తుంది. రంగుల ప్లాస్టిక్ పొరతో వచ్చే బియ్యం సంచి ముద్రణకు ఒక్కో రంగుకు ఒక్కో లోహపు సిలిండర్ చెక్కిస్తారు. సిలిండర్ చెక్కించాక ఒక ఒత్తు తప్పుగా పడిందని తెలిసినా మార్చడం అంటే మళ్లీ డబ్బు పోసి చెక్కించడమే. అందువల్ల ఫైల్ ఇచ్చేముందు తెలుగు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి, పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగలకుండా ఖాళీ సరిచేసి, బరువు, ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదు నంబరు చట్టం చెప్పిన పరిమాణంలో ఉన్నాయో లేదో చూసి పంపుతాం. యాప్‌లో ఐదు నిమిషాల్లో బొమ్మ వచ్చేస్తుందని ఈ మధ్య కొందరు మిల్లు యజమానులు అంటున్నారు. వరికంకి బొమ్మ రావచ్చు, కానీ దాని కింద తెలుగు అక్షరాలు చాలాసార్లు సరిగ్గా రావడం లేదని వారికే ముద్రణలో తెలిసివస్తోంది. ఇంత జాగ్రత్త పడి చేసిన పని ఫైనల్ ఫైల్ రూపంలో మా కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లిన క్షణం నుంచి మా చేతిలో ఏమీ మిగలదు. సిలిండర్ తయారవుతుంది, సంచులు వస్తాయి, బియ్యం అంగళ్లలో అమ్ముడుపోతాయి, మాకు రావలసిన సొమ్ము మాత్రం రాదు.

అడిగితే కోపంగా ఎవరూ మాట్లాడరు, అదే ఇంకా ఇబ్బంది. 'అమ్మా, మార్చి పోనీమ్మా', 'అకౌంటెంటు తిరుపతి వెళ్లాడమ్మా', 'పిల్లలు రెండో టర్మ్ ఫీజు కట్టగానే ముందు నీకే ఇస్తామమ్మా' అంటారు. నా తోటి చిత్రకారిణి ఒకామె ఒక ప్రైవేటు విద్యాసంస్థకు ప్రాథమిక తరగతుల పుస్తకాలకు బొమ్మలు వేసింది. పిల్లలు ఆ పుస్తకాలు చదివి పై తరగతికి వెళ్లారు, ఆమెకు సగం డబ్బు ఇంకా రావాలి. ఊరు చిన్నది, అందరూ ఒకరికొకరు తెలిసినవారే, గట్టిగా అడిగితే మరొకరి దగ్గర పని పోతుందన్న భయం ఉంటుంది. ఇలా కొన్ని నెలలు గడిచేసరికి ఇంటి అద్దె కట్టలేక, నచ్చని ఉద్యోగానికే మళ్లీ దరఖాస్తు చేసుకున్నవారిని నేను ఎరుగుదును. చేతకాకనో, పని దొరకకనో వారు వెనక్కి వెళ్లలేదు. చేసిన పనికి డబ్బు సమయానికి రాకపోవడమే అసలు కారణం.

కాల్ సెంటర్‌లో నేను రోజూ ఫోన్ చేసినవారికి చెప్పిన నిబంధన ఒకటి ఉంది. ఏటీఎం లావాదేవీ విఫలమైతే ఐదు రోజుల్లోగా బ్యాంకు సొమ్ము తిరిగి జమ చేయాలి, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం అది. ఆ మాట వినగానే అవతలివారి గొంతులో మార్పు వచ్చేది, ఎందుకంటే వారి చేతికి ఒక గడువు, ఒక హక్కు దొరికాయి. సొంతంగా పని మొదలుపెట్టాక అలాంటి గడువు మాకు కూడా ఉందని తెలిసి ఎంతో ధైర్యం వచ్చింది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం నమోదైన సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి వస్తువు కొన్నా, సేవ పొందినా, ఒప్పందంలో రాసుకున్న తేదీలోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఎంత ఒప్పుకున్నా 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లోగా ఇవ్వాలి. ఆలస్యం చేస్తే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లతో, నెలనెలా చక్రవడ్డీ లెక్కగట్టి చెల్లించాలి. బాకీ తేలకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు, 2017లో మొదలైన సమాధాన్ పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దరఖాస్తు ఇవ్వవచ్చు, కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. దీనికి తోడు 2023 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్ను నిబంధనలు కూడా మారాయి. వ్యాపారి ఆ గడువు దాటించి చెల్లిస్తే, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే దాన్ని ఖర్చుగా చూపుకోవాలి. 'మార్చి పోనీ' అనే మిల్లు యజమాని ఈ ఒక్క సంగతి తన ఆడిటర్‌ను అడిగితే, మార్చిలోపే ఇవ్వడం తనకే లాభమని తెలుసుకుంటాడు.

ఒక గదిలో ఒక కంప్యూటర్, ఒక డ్రాయింగ్ టాబ్లెట్ పెట్టుకున్న మనిషిని సంస్థ అంటారా అన్న సందేహం మా వాళ్లలోనే ఉంది. 2025 ఏప్రిల్ నుంచి రెండున్నర కోట్ల లోపు పెట్టుబడి, పది కోట్ల లోపు టర్నోవరు ఉంటే సూక్ష్మ సంస్థే. కాబట్టి ఒంటరిగా పనిచేసే చిత్రకారిణి కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఇలాంటి సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2020 జులై 1న మొదలుపెట్టిన ఉద్యమ్ నమోదు ఆధార్‌తో, పాన్‌తో పూర్తవుతుంది, దానికి రుసుము లేదు. ఊళ్లో కొన్ని చోట్ల దీనికి వందలు, వేలు వసూలు చేస్తున్నారు, అది అన్యాయం. పని ఒప్పుకోవడానికి ముందే నమోదు చేసుకోవడం చాలా ముఖ్యం, డబ్బు ఆగిపోయాక చేసుకున్న నమోదుతో పాత బాకీకి ఈ రక్షణ దొరకడం కష్టం. యాప్‌ల ద్వారా పని చేసే గిగ్ కార్మికుల కోసం సామాజిక భద్రతా కోడ్, 2020 వచ్చింది కదా అని కొందరు అడుగుతున్నారు. అందులో చందా కట్టవలసినవి యాప్ వేదికలు. కావలి బడికో, పొదలకూరు రోడ్డు మిల్లుకో నేరుగా పనిచేసే మాకు మధ్యలో ఏ యాప్ ఉండదు కనుక, 2006 చట్టమే మాకు దగ్గరి ఆసరా.

ఈ నేపథ్యంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, జిల్లా పరిశ్రమల కేంద్రాల అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక వద్ద నెలలో ఒక్క వారమైనా ఉద్యమ్ నమోదుకు, బకాయిల దరఖాస్తుకు ఒక బల్ల ఏర్పాటు చేయాలి. ప్రైవేటు విద్యాసంస్థల యాజమాన్యాలకు, మిల్లర్ల సంఘాలకు, ముద్రణాలయాలకు 45 రోజుల నిబంధనను తెలుగులో వివరిస్తూ ఒక ఉత్తరం పంపాలి. అధికారి సంతకంతో వెళ్లిన ఉత్తరం ఉంటే, మేము అడిగే మాటకు గొడవ పెట్టుకుంటున్నామన్న రంగు అంటదు. ముద్రా రుణం కోసం బ్యాంకుకు వెళ్తే జీతం రసీదు అడిగి పంపేస్తున్నారు, ఉద్యమ్ పత్రాన్ని, బ్యాంకు ఖాతా లావాదేవీలను ఆధారంగా తీసుకోమని జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు శాఖలకు చెప్పాలి.

పని చేయించుకునే పెద్దలను కూడా ఒక మాట అడుగుతాను. సగం అడ్వాన్సు, ఎన్నిసార్లు కరెక్షన్లు చేయాలో ఒక అంకె, మిగతా సొమ్ము చెల్లించే తేదీ, ఈ మూడూ కాగితం మీద పెట్టండి. బొమ్మ మీద హక్కు మీకు పూర్తిగా కావాలన్నా, అది రాతలో సంతకంతో ఉంటేనే చట్టప్రకారం చెల్లుతుంది కనుక ఆ కాగితం మీకూ అవసరమే.

ఈ లేఖతో పాటు తెలుగులో ఒక పేజీ పని ఒప్పంద పత్రం నమూనాను పంపుతున్నాను. ఉద్యమ్ నంబరు, పని వివరం, కరెక్షన్ల సంఖ్య, చెల్లింపు తేదీ, ఆలస్యమైతే వర్తించే చట్టం పేరు రాయడానికి అందులో గడులు ఉన్నాయి. స్థలం అనుకూలిస్తే జిల్లా పేజీలో ప్రచురించగలరు, కత్తిరించుకుని జిరాక్సు తీసుకుని వాడుకునేందుకు వీలుగా అక్షరాలు పెద్దవిగానే పెట్టాను.

ఇట్లు
భవదీయ,
ఒక చిత్రకారిణి,
మూలాపేట, నెల్లూరు