ఆర్కేన్ చూశాక నీకు చెప్పాలనిపించింది

చిన్నీ,

నువ్వు పోరగా పోరగా ఆర్కేన్, అదే నువ్వాడే లీగ్ ఆఫ్ లెజెండ్స్ వీడియో గేమ్‌లోంచి తీసిన యానిమేషన్ సిరీస్, మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లూ చూసేశాను. ఆట ఆడనివాళ్ళకి అది ఎక్కదని మీ ఫ్రెండ్స్ అన్నారట కదా, నేనైతే ఒప్పుకోను. లీగ్ ఆఫ్ లెజెండ్స్ గురించి నాకు తెలిసిందల్లా అటు ఐదుగురు ఇటు ఐదుగురు చేరి కొట్టుకుంటారని, అదీ నువ్వు ఆడుతుంటే వెనక నించుని చూసిందే. అయినా మూడో ఎపిసోడ్ అయ్యాక చాలాసేపు లేవలేకపోయాను. అక్క వైకి సాయపడదామని ఆ చిన్నపిల్ల పౌడర్ తను చేసిన బాంబు వేస్తే సొంతవాళ్ళే పోతారు, వై కోపం పట్టలేక చెల్లెల్ని కొట్టి, నువ్వో జింక్స్‌వి, అంటే అపశకునానివి, అనేసి కాస్త దూరం వెళ్తుంది. ఆ కాసేపట్లోనే వాళ్ళ శత్రువు సిల్కో వచ్చి పిల్లని దగ్గరికి తీసుకుంటాడు. అంతే, అయిపోయింది.

ఆ పౌడరే పెద్దయ్యాక జింక్స్ అవుతుంది. ఆటలోకి వై 2012లో, జింక్స్ 2013లో వచ్చారు. 2021లో సిరీస్ వచ్చేసరికి పౌడర్ చివరికి ఏమవుతుందో ఆడేవాళ్ళకి తెలుసు. తెలిస్తే ఏం? కర్ణుడు పోతాడని తెలిసే కదా మనవాళ్ళు తెల్లవార్లూ నాటకం చూసేది!

ఆటలో పడిపోయినవాళ్ళు కాసేపటికి మళ్ళీ లేచొస్తారు. ఇక్కడ ఆ బాంబుకి పోయిన మైలో, క్లాగర్ రారు, వాళ్ళ గొంతులు మాత్రం జింక్స్‌ని వదలవు. అందుకే నాకు ఆ పిల్లంటే భయం కన్నా జాలే ఎక్కువ.

నాకు అందరికన్నా నచ్చింది సిల్కో, దుర్మార్గుడే అయినా. అతన్ని సిరీస్ కోసమే పుట్టించారు, అప్పటిదాకా ఆటలో లేడు, కాబట్టి ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళకీ అతనేమవుతాడో తెలీదు. అక్కడ నీకూ నాకూ టెన్షన్ సమానం.

2013లో డిఫయన్స్ అని ఒకటొచ్చింది, సైఫై ఛానెల్లో సీరియల్, దాంతోపాటే ఆన్‌లైన్ ఆట, ఒకదాంట్లో జరిగింది రెండోదాంట్లో కనిపించాలని రెంటినీ ముడేశారు. సీరియల్ 2015లో ఆగిపోయింది, ఆట సర్వర్లు 2021లో మూసేశారు. అలా ముడేస్తే కథకి ఊపిరాడదని నాకనిపిస్తుంది. ఆర్కేన్‌వాళ్ళు ఆటలోంచి మనుషుల్ని తీసుకున్నారు, ఆడే పద్ధతిని అక్కడే వదిలేశారు.

ఇదంతా ఎందుకంటే, నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. అందులో అందరూ ఆటలోంచి వచ్చినవాళ్ళే, ఎవరికీ ఏమీ కాదని ముందే తెలిసిపోతోంది. ఆటలో లేని మనిషిని ఒక్కరిని పెట్టి చూడు నాన్నా, నీ హీరోయిన్‌కి బాగా కావలసినవాళ్ళని. మొదటి ఇరవై పేజీలూ తిరగరాసి పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.

అమ్మ