విషయం: ఫిర్యాదు టికెట్ మూసేశారు సరే, మా నవల సంగతేంది?

కస్టమర్ కేర్ పెద్దలకు,

ఒంగోలు నుంచి రాస్తున్నాను. ఓ తల్లీ, పదో తరగతి చదివే ఆమె కూతురూ పడే గొడవల మీద వచ్చిన నవల మీ దగ్గర తెప్పించుకున్నాం. నేనూ మా అమ్మాయీ వంతులేసుకుని చదువుతున్నాం. 176వ పేజీలో ఆ పిల్ల బ్యాగు భుజానేసుకుని గడప దాటింది. పేజీ తిప్పితే మళ్లీ 161! ఒక ఫారం, అంటే పదహారు పేజీల కట్ట, రెండుసార్లు కుట్టి, తర్వాతి ఫారం మింగేశారు. 193కొచ్చేసరికి తల్లీకూతుళ్లు ఒకే కంచంలో తింటున్నారు. సరే, అచ్చు పనిలో ఇలాంటివి జరుగుతుంటాయి. నా కోపమంతా ఆ తర్వాత మీరు ఆడించిన ఆట మీదే.

మొదట చాట్‌లో ఓ అమ్మాయి. నేనేం రాసినా 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటుంది. ఎంతసేపు చింతిస్తావు తల్లీ, పని చూడు అంటే, 'ఇంకేమైనా సహాయం కావాలా' అని చాట్ మూసేసింది. ఇంకేమైనానా? అసలుది చేసిందెప్పుడు? ఫోన్ చేస్తే పాట. పాటయ్యాక ఓ అబ్బాయి, "పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా మేడం?" తెప్పించుకుంది నవల నాయనా, నగలు కాదు. పైవాళ్లకి కలిపాడు. ఆ పైఆయన మరీ ఘనుడు: "పదహారు పేజీలే కదండీ, కథైతే అర్థమవుతోంది కదా!" ఈయన పుస్తకాలమ్మే కంపెనీలో జీతం తీసుకుంటున్నాడు.

ఎట్టకేలకు రిటర్న్‌కి ఒప్పుకున్నారు. పికప్‌కి వచ్చిన కుర్రాడు బండి ఇంజను కూడా ఆపలేదు. అట్టకి ముందొక ఫోటో, వెనకొక ఫోటో కొట్టి, "చినగలేదు, తడవలేదు, బానే ఉంది గదక్కా. డ్యామేజీ లేకుంటే యాప్ తీసుకోనీదు" అని పుస్తకం నా చేతిలోనే పెట్టి పోయాడు. ఎండన పడి వచ్చిన పిల్లోణ్ణి ఏమంటాను. సాయంత్రానికి మెసేజ్: 'కస్టమర్ రిటర్న్ రద్దు చేసుకున్నారు.' నేను రద్దు చేసుకున్నానంట! మళ్లీ ఫోన్ చేస్తే గడువు దాటిందన్నారు. దాటించిందెవరు?

మా తాతది వేటపాలెం. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పొద్దంతా కూర్చుని చదివిన మనిషి. పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు మాది. కరోనాలో షాపులు మూసేసినప్పటి నుంచీ ఏది కొన్నా మీ దగ్గరే. "టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ ఉందంట, దింపుకుందామా అమ్మా" అని మా అమ్మాయి అంటే, రాసినోళ్ల నోటికాడ కూడు లాగొద్దని కసిరాను. ఆ దొంగ కాపీ చదివిన దాని స్నేహితురాళ్లు ముగింపు గురించి వాదించుకుంటున్నారు. డబ్బు కట్టిన మేమేమో గడప దగ్గరే ఆగిపోయాం.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ గ్రీవెన్స్ ఆఫీసరు పేరైతే సైట్‌లో ఉంది, మనిషి ఉన్నాడో లేడో మీకే తెలియాలి. ఇక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెబుతాను. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుక్కి ఫీజు కూడా లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ మా ఒంగోల్లోనే ఉంది.

మంచి కాపీ పంపుతారో, డబ్బులు వెనక్కిస్తారో మీ ఇష్టం. ఏదీ చేయకపోతే మీ వకీలుగారు ఎటూ ఒంగోలు రావాలి. వస్తా వస్తా ఆ పదహారు పేజీలు పట్టుకు రమ్మనండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
ఒంగోలు